ఆరని నుదురు

"ఎన్నింటికి వెళ్ళిపోయాడమ్మా ఆయన?" అని నేను అడగడం అది నాలుగోసారి.

జ్యోతిర్మయి కిటికీ వంక చూసి, "వెలుతురు ఆయన ముక్కు మీంచి చెంప మీదికి జరిగాకండీ," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రానికి లాకప్పులో కూర్చోబోయే మనిషి చెప్పే సమాధానమా ఇది! ఇన్నేళ్ళుగా డిటెక్టివ్ పని చేస్తున్నాను. అబద్ధాలు చెప్పేవాళ్ళతో నాకు పేచీ లేదు, ఎక్కడో దగ్గర దొరికిపోతారు. నిజం చెబుతూ ఇలా ప్రాణం తీసేవాళ్ళతోనే చావు.

"తల్లీ, నీకో దండం. గడియారం భాషలో చెప్పు."

"గడియారం ఎవరు చూశారండీ? పదకొండు అయ్యుంటది."

గుమ్మానికి చేరబడి నిలబడ్డ సి.ఐ. సాయిశంకర్ పకపకా నవ్వాడు. "అడగండి మేడమ్, అడగండి. పొద్దుపోయేదాకా అడగండి. ఈలోగా నేను రిమాండ్ రిపోర్టు రాసేసుకుంటాను."

ఈ మనిషికీ నాకూ మూడేళ్ళుగా పడదు. గోడౌన్ కాలిపోయిన కేసులో ఆయన పట్టుకున్న దొంగ దొంగ కాదని కోర్టులో నిరూపించాను. అప్పట్నుంచి నేనెక్కడ కనిపించినా 'మేడమ్' అంటాడు. ఆ మాటలో ఎంత ఎగతాళి కూరవచ్చో ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

కేసు సంగతి చెప్తాను. గవర్రాజుగారు పోర్టులో ఓడల నుంచి సరుకు దింపించే కాంట్రాక్టరు. సీతమ్మధారలో ఈ మేడగది అద్దెకు తీసుకుని బొమ్మలు వేసుకునే జ్యోతిర్మయి చేత తన నిలువెత్తు ఆయిల్ పెయింటింగు వేయించుకున్నాడు. పోయిన ఆదివారం పొద్దున్న వచ్చి బొమ్మ చూసుకుని, ఇల్లెగిరిపోయేలా అరిచి, మెట్లు దిగిపోయాడు. ఆ తరువాత ఆయన్ని ప్రాణంతో చూసినవాళ్ళు లేరు. నిన్న శుక్రవారం ఆయన శవం ఊరి బయట సముద్రపు రాళ్ళ మధ్య దొరికింది. తల వెనక దెబ్బ. చొక్కా చేతి మీద ఆయిల్ పెయింటు మరక. అంతే, మా సాయిశంకర్‌గారికి కేసు తేలిపోయింది. గొడవ పడ్డది బొమ్మ వేసిన పిల్ల, చొక్కా మీద పెయింటు ఆ పిల్లది, ఇంకేం కావాలి? వాళ్ళమ్మ సన్యాసమ్మ ఉక్కునగరం నుంచి తెల్లవారకుండానే ఆటో కట్టించుకుని వచ్చి మా ఇంటి గుమ్మంలో కూలబడింది. "నా కూతురు సీమని కూడా సంపదమ్మా" అని ఒకటే ఏడుపు.

చీమ సంగతి నాకు తెలీదు కానీ, మనుషులకి కోపం మాత్రం తెప్పించగలదు.

"ఆయన నీ మీద ఎందుకు అరిచాడు?"

"బొమ్మ నచ్చలేదు. నా మొకం ఇలాగుంటాదా, ఏటిది, గోడకి సిమెంటు కొట్టినట్టు కొట్టీసావు అన్నాడు. వేలితో గడ్డం మీద గీరబోయాడు. నేను చెయ్యి పట్టుకుని లాగేశాను. అప్పుడే చొక్కాకి రంగు అంటుకుంది."

"సి.ఐ.గారితో ఈ మాట చెప్పావా?"

"ఆయన అడగలేదు. నువ్వే చంపావా అని మాత్రం అడిగారు."

సాయిశంకర్ పైకప్పు వంక చూశాడు.

నేను బొమ్మ దగ్గరికి నడిచాను. గదంతా రంగుల్లో కలిపే లిన్సీడ్ నూనె, టర్పెంటైన్ కంపు. పోయినాయన మీద జాలిగా ఉంది కానీ, సిమెంటు మాట మాత్రం సరిగ్గానే అన్నాడు. ఫోటోలా నున్నగా ఉంటుందనుకుని వచ్చాను. ఇక్కడ రంగు వేలెడు మందాన ముద్దలు ముద్దలుగా ఉంది. బ్రష్షు లాగిన ప్రతి చోటా చాళ్ళు పడ్డాయి. చెంప మీద ఆకుపచ్చ, కళ్ళ కింద వంకాయ రంగు, ముక్కు దూలం మీద రంగు పూసే పాలెట్ కత్తితో చెక్కినట్టు ఒక తెల్ల దెబ్బ. దగ్గర్నుంచి చూస్తే అంతా గందరగోళం. నాలుగడుగులు వెనక్కి వేశాను. గవర్రాజుగారు నోరు తెరిచి నన్ను తిట్టబోతున్నట్టే ఉన్నాడు. ఎటు జరిగినా ఆ కళ్ళు వదల్లేదు.

నుదుటి మీద ఎర్రగా కుంకుమ బొట్టు ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

గదిలో మాతో పాటు ఇంకో ఇద్దరున్నారు. ఒకరు ఇంటి యజమానురాలు గంగాలమ్మ, మోకాళ్ళ నొప్పులతో గుమ్మం పక్కనే పీట వేసుకుని కూర్చుంది. రెండోవాడు పోయినాయన బావమరిది ఎల్లారావు. పోర్టులో పనివాళ్ళ మీద అజమాయిషీ ఇతనిదే. పొద్దున్నుంచి కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అతనికి బొమ్మ కావాలట.

"మావోళ్ళే పెట్టుంటారండి," అన్నాడు ఎల్లారావు. "నిన్న బాడీ దొరికినాక మా అక్కోళ్ళు వచ్చి సూసెల్లారు కదా. అయినా బొట్టు గొడవేటండి మేడమ్? మా అక్క ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లిపోతంది. పెద్దకర్మకి ఈ బొమ్మెట్టాలంటంది. ఇప్పించేయండి, కింద వేన్ ఎట్టుకొచ్చాను."

"మీ బావగారికి ఈ బొమ్మ నచ్చలేదట కదయ్యా!"

"బతికున్నప్పుడు నచ్చకపోతే ఏటండి? ఇప్పుడు ఉన్నది ఇదే కదా."

సాయిశంకర్ చేతులు జోడించాడు. "మేడమ్, మనిషి పోతే బొమ్మకి బొట్టు పెడతారు. అది కూడా క్లూ అంటే ఇక పోలీసు శాఖని మూసేసుకోవడమే మంచిది."

"మనిషి పోయాకే పెడతారు. నేను చెప్పేదీ అదే. బతికున్న మనిషి బొమ్మకి బొట్టు పెట్టిన ఇల్లు మన వైపు ఒక్కటి చూపించండి, మళ్ళీ మీ కేసుల పొలిమేరల్లోకి కూడా రాను." నేను భూతద్దం తీశాను. "జ్యోతిర్మయీ, ఇలా రా. ఈ రంగు ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

మొదటిసారి ఆ పిల్ల ముఖంలోకి జీవం వచ్చింది. "ఇంత మందంగా వేస్తే లోపల నెలల తరబడి ఆరదండీ. పైన మాత్రం మూడు, నాలుగు రోజులకి పాల మీద మీగడ కట్టినట్టు కడుతుంది. మన ఊరి ఉప్పుగాలికి ఇంకో రోజు ఎక్కువ పట్టొచ్చు."

"నుదుటి మీద ఆఖరి రంగు ఎప్పుడు వేశావు?"

"ఆదివారం పొద్దున్న, ఆయన వచ్చే ముందే. ఆ రంగు నేను కలుపుకునే పాలెట్ పలక మీద ఇంకా మిగిలే ఉంది. మీరేదైనా ప్రయత్నం చేస్తే దాని మీద చేసుకోండి. బొమ్మ జోలికొస్తే మాత్రం ఊరుకోను."

జైలు అంచున నిలబడి నన్ను బెదిరిస్తోంది! పళ్ళు కొరుక్కుని పాలెట్ అందుకున్నాను. హ్యాండ్‌బ్యాగులోంచి పౌడరు తీసి వేలికి అద్దుకుని, ఆ ఆదివారం నాటి రంగు ముద్ద మీద బొట్టు పెట్టినట్టు నొక్కాను. పైన కట్టిన పొర ముడత పడింది, అంతే. పౌడరు పైపైనే నిలిచింది. రుమాలుతో తుడిస్తే పోయింది.

"చూశారా సి.ఐ.గారూ? ఇప్పుడు బొమ్మ నుదురు చూడండి. మీరు చూడరు కాబట్టి నేనే చెప్తాను. ఇక్కడ వేలు లోపలికి దిగింది. పేరిన నేతిలో వేలు పెట్టినట్టు చుట్టూ రంగు గట్టులా లేచింది. కుంకుమ రంగులో కలిసిపోయింది. మీగడ కట్టింది ఆ తరువాత, బొట్టు మీద. అంటే ఇది నిన్న పెట్టిన బొట్టు కాదు. రంగు పచ్చిగా ఉన్నప్పుడు, ఆదివారమో సోమవారమో పెట్టింది."

"అయితే?"

"అయితేనా! శుక్రవారం దాకా ఆయన పోయాడని ఎవరికీ తెలీదు. ఇంట్లోవాళ్ళు అలిగి ఎక్కడికో వెళ్ళాడనుకుని ఊరంతా ఫోన్లు చేస్తున్నారు. అలాంటప్పుడు ఈ గదిలోకొచ్చి ఆయన బొమ్మకి బొట్టు పెట్టిన మనిషికి ఆయన చచ్చిపోయాడని తెలుసు. ఆ మనిషి వేలి గీతలు ఇదిగో, ఈ గట్టు పక్కన ఉన్నాయి."

ఎల్లారావు తిరగడం ఆపేశాడు. కోర్టులో కేసు గెలిచినంత సంతోషంగా ఉంది నాకు. అది ఎంతసేపో నిలవలేదు.

సాయిశంకర్ నెమ్మదిగా నవ్వి, "ఆదివారం నుంచి ఈ గది తాళం ఎవరి దగ్గరుందమ్మా?" అని అడిగాడు.

"నా దగ్గరే," అంది జ్యోతిర్మయి. "మనసు బాగోక తాళం వేసి మా అమ్మ క్వార్టరుకి వెళ్ళిపోయాను. మీరు పిలిస్తేనే నిన్న వచ్చాను."

"విన్నారా మేడమ్? ఇందాకటి వరకూ నా దగ్గర పెయింటు మరక ఒక్కటే ఉంది. మీరు ఏకంగా వేలిముద్ర ఇచ్చారు. మీ మేలు ఈ జన్మకి మర్చిపోను."

నేను తవ్విన గోతిలో నా క్లయింటే పడింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఇంకో తాళం లేదా?" అన్నాను గంగాలమ్మ వైపు తిరిగి.

"ఇంటోలన్నాక ఓటి ఉంటాది కదమ్మా," అందావిడ గొణుగుతూ. "మేకుకి తగిలించుంటాది. దాన్నెవులు తీత్తారు?"

"గంగాలమ్మగారు గవర్రాజుని చంపి, భుజాన వేసుకెళ్ళి సముద్రంలో పడేసిందంటారా?" అన్నాడు సాయిశంకర్. "ఆవిడ ఈ మేడ ఎక్కడానికే మూడుసార్లు కూర్చుంది."

"మరి ఈ పిల్ల మోసుకెళ్ళిందా? పైగా బొమ్మ వేసిన మనిషి తన బొమ్మ మీద తనే వేలు గుచ్చుకుంటుందా?"

"ఆ నుదుటి మీద వెలుగు ఒక్క దెబ్బలో వచ్చిందండీ," అంది జ్యోతిర్మయి. "జీవితంలో ఇంకోసారి రాదు. దాన్ని పాడుచేసినవాళ్ళెవరో తెలిస్తే నిజంగానే చంపేస్తాను."

"నోరు ముయ్యి తల్లీ!" అని నేను అరిచాను. సాయిశంకర్ ఆ మాట కూడా రాసుకున్నాడు.

ఆ తరువాత అంతా గబగబా జరిగిపోయింది. బొమ్మని సాక్ష్యంగా స్టేషనుకి తీసుకెళ్ళి అక్కడే వేలిముద్ర తీయిస్తానన్నాడు సాయిశంకర్. ఇక్కడే తీయించమని నేను మొత్తుకున్నాను. శనివారం నిపుణుడెవరూ దొరకరన్నాడు. బొమ్మ జీపులో పట్టదు. ఎల్లారావు ముందుకొచ్చి, తన వేన్ ఖాళీగానే ఉందనీ, స్టేషను దగ్గర దింపేసి వెళ్తాననీ అన్నాడు. కానిస్టేబుల్ తవిటయ్య అతనితో వెళ్ళేట్టు ఏర్పాటైంది. తవిటయ్య బొమ్మ అంచు పట్టుకోబోతే జ్యోతిర్మయి కెవ్వుమంది.

"వెనక కర్ర పట్టుకోవాలి! రంగు వైపు చెయ్యి రానివ్వకూడదు! తప్పుకోండి, నేనే తెస్తాను."

"తీసుకురా. ఎలాగూ రావలసినదానివేగా," అన్నాడు సాయిశంకర్.

రెండు చేతులతో బొమ్మని పట్టుకుని, పక్కకి తిరిగి, మెట్టు మెట్టుకీ తవిటయ్యని తిడుతూ దిగింది. వేన్‌లో కూడా బొమ్మ పక్కనే కూర్చుంటానంది. నేను అడ్డు చెప్పలేదు. ఆ వేలిముద్రని కాపాడేవాళ్ళు ఈ లోకంలో ఎవరైనా ఉంటే అది ఆ పిల్లే.

సాయిశంకర్ కింద గంగాలమ్మ వసారాలో కూర్చుని పంచనామా రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ సాక్షి సంతకం పెట్టాలి. నేను చెప్పులు వేసుకుంటున్నాను. సన్యాసమ్మకి ఏం చెప్పాలో తెలియడం లేదు. నీ కూతుర్ని విడిపిస్తానని వెళ్ళి ఇంకో సాక్ష్యం కట్టి ఇచ్చొచ్చానని చెప్పనా? నా మీద నాకే అసహ్యంగా ఉంది.

"ఉండమ్మా," అంది గంగాలమ్మ. సంతకం పెట్టి లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. "మొదటిపాలి వచ్చినావు. ఆడకూతుర్ని బొట్టెట్టకుండా ఎలా పంపీడం?"

చావు కేసు విచారణకి వచ్చినదానికి కూడా బొట్టా అనుకున్నాను. కానీ ముసలావిడ చెయ్యి చాచి నిలబడింది, కాదనలేం కదా. నుదురు వంచాను. ఆవిడ భరిణెలో వేలు ముంచి నా నుదుట పెట్టింది.

పొడి తగలలేదు. చల్లగా, జిగురుగా ఏదో అంటుకుంది. వెంటనే ముక్కుకి వాసన తగిలింది. లిన్సీడ్ నూనె.

నుదురు తుడుచుకుని వేలు చూసుకున్నాను. పైన కుంకుమ ఎరుపు. నలిపితే లోపల గోధుమరంగు కలిసిన తెలుపు. పాలెట్ మీద నేను పౌడరుతో నొక్కిన రంగు, గవర్రాజు నుదుటి రంగు. ఆవిడ చేతిలోంచి భరిణె లాక్కున్నాను. అడుగున కుంకుమ పట్టిన రంగు ముద్దలు రెండున్నాయి.

"గంగాలమ్మా," అన్నాను. "పైన బొమ్మకి బొట్టెట్టి, ఆ వేలే మళ్ళీ ఇందులో పెట్టావు కదూ?"

ఆవిడ అలాగే నేల మీదికి జారిపోయింది. సాయిశంకర్ కలం ఆగింది.

"నానేటీ సెయ్యనేదమ్మా. మాయమ్మ తోడు, నానేటీ సెయ్యనేదు."

"ఆయన పోయాడని అప్పుడే నీకెలా తెలుసు?"

"సూసినాను," అంది. ఆ మాట బయటికి రావడంతోనే ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. "ఆదివారం ఆ బాబు మెట్లు దిగొచ్చినాడు. ఎల్లారావు కిందే ఉన్నాడు. బావా బావా అని ఏటో బతిమాలినాడు. రేపట్నుంచి పోర్టులో నీ మొకం కనబడకూడదు అనీసినాడు ఆ బాబు. ఎల్లారావు తోసీసినాడమ్మా. ఆ ఆఖరి మెట్టు మీద పడ్డాడు. మరి లెగనేదు. ఊపిరి నేదు."

"మరి నువ్వు?"

"ఆస్పత్రికి తీసుకెల్తన్నానన్నాడు. నోరిప్పినావంటే మీ సంటోడు ఓడ అడుగునుంచి పైకి రాడు అన్నాడు. మా సంటోడు ఆడి కిందే పని సేత్తన్నాడమ్మా. ఒక్కగానొక్క కొడుకు. ఏటి సెయ్యమంటావు?"

"బొమ్మకి బొట్టు ఎందుకు పెట్టావు?"

"సోమారం తుడుద్దామని తాళం తీసెల్లినాను. ఆ బొమ్మ నన్నే సూత్తంది! ఇటెల్లినా అటెల్లినా నన్నే. సూసినావు కదే ముసిలీ, సెప్పవేటే అన్నట్టు. వొణుకొచ్చీసింది. సచ్చిపోయినోడివి, నన్నేటీ సెయ్యకు బాబూ అని బొట్టెట్టి దండమెట్టినాను. ఏలికి ఏటో అంటుకుంది. నీళ్ళెట్టి తోమినా పోనేదు."

సాయిశంకర్ లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది. "ఇదంతా నిన్న నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినావేటి బాబూ? మేడ మీద గొడవ ఇన్నావా అన్నావు. ఇన్నానన్నాను. రాసుకుని ఎల్లిపోనావు."

వేరే సమయమైతే ఆ మాటకి నేను పండగ చేసుకునేదాన్ని. కానీ అప్పటికే నేను వసారా దిగి వీధి వైపు చూస్తున్నాను. ఇందాక మేడ మీద ఎల్లారావు ఎందుకు నడక ఆపాడో ఇప్పుడు అర్థమైంది. ఆ బొట్టు తను పెట్టలేదని అతనికి తెలుసు. తాళం మేకుకి ఉందన్న మాటా విన్నాడు. ఆ వేలిముద్ర ముసలమ్మదని తేలితే ముసలమ్మ నోరు విప్పుతుంది, ముసలమ్మ నోరు విప్పితే తన మెడకి ఉరి. అలా కాకుండా, స్టేషనుకి వెళ్ళే దారిలోనే బొమ్మ తగలబడిపోయి, బొమ్మ వేసిన పిల్ల కనబడకుండా పోతే? ముద్దాయి పారిపోయిందని మా సాయిశంకర్‌గారే రాసి కేసు మూసేస్తారు.

"వేన్!" అన్నాను. "మీరే ఎక్కించి పంపారు కదయ్యా ఆ పిల్లని, హంతకుడి బండిలో!"

"మీరూ ఊరుకున్నారుగా!" అని అరిచి, వెంటనే గొంతు తగ్గించాడు. "కంగారు పడకండి. తవిటయ్య ఉన్నాడు. స్టేషను ఎంత దూరమని? ఈపాటికి చేరిపోయుంటారు."

గేటు గొళ్ళెం చప్పుడైంది. చెమటలు కక్కుకుంటూ, భుజాన కొత్త కొబ్బరితాడు చుట్టతో తవిటయ్య లోపలికొచ్చాడు.

"సార్, వేన్ గాని ఇటేపు వచ్చిందాండి?" అన్నాడు. "బొమ్మ కదిలిపోతంది, తాడు కట్టాలి, కొట్టుకాడ దిగి కొనుక్కురమ్మన్నారండి ఎల్లారావుగారు. కొని తిరిగేసరికి బండి లేదండి."

సాయిశంకర్ స్టేషనుకి ఫోన్ కలుపుతూ జీపు వైపు పరుగెత్తాడు. నేను జ్యోతిర్మయి నంబరు నొక్కాను. రెండు చేతులతో బొమ్మ పట్టుకుని దిగిన పిల్ల ఫోన్ ఎక్కడ పెట్టిందో ఆ క్షణం దాకా నేను ఆలోచించలేదు.

మేడ మీద గదిలో, పాలెట్ పక్కన, అది మోగడం మొదలుపెట్టింది.